జ్వరం లేని రోగి

ఆ ఆసుపత్రిలో ఆయమ్మది తొమ్మిదేళ్ల చాకిరీ. నేల తుడవడం, దుప్పట్లు మార్చడం, పుట్టిన బిడ్డకు మొదటి నీళ్లు పోయడం, అన్నీ ఆ చేతుల మీదుగా జరిగినవే. ఆమెకూ ఓ పేరుందన్న సంగతి సిస్టరమ్మకు తప్ప ఎవరికీ గుర్తులేదు. రోజూ పొద్దున్నే హాజరు పుస్తకంలో సిస్టరమ్మ ఆ పేరు రాస్తే, పక్కన ఆయమ్మ వేలిముద్ర వేసేది. ఆ కాసేపే ఆమెకు పేరు. తర్వాత మళ్లీ ఆయమ్మే.

నిరుడు ఆసుపత్రులను బాగుచేస్తున్నామని కొత్త పద్ధతి పెట్టారు. గోడలకు రంగు వేశారు. పన్నెండు కొత్త మంచాలు తెచ్చారు. రాత్రి నర్సును మాత్రం తీసుకెళ్లి పెద్దాసుపత్రిలో వేశారు. చీకటి పడితే ఇక్కడ తాళమే. తాళం పడ్డ మూడో నెలలో ఆయమ్మ కూతురికి అర్ధరాత్రి నొప్పులొచ్చాయి. ఆ పిల్ల పెద్దాసుపత్రి గడప తొక్కనే లేదు. ఆటోలోనే తల్లి ఒళ్లో కళ్లు మూసింది. ఎంతమంది కూతుళ్ల నొప్పులనో పక్కన నిలబడి దాటించిన మనిషి, తన కూతురి నొప్పులను దాటించలేకపోయింది. నాలుగో రోజున వచ్చి మళ్లీ చీపురు పట్టుకుంది. ఏడుపు ఎక్కడ దాచుకుందో ఎవరూ చూడలేదు.

ఇప్పుడు ఇంట్లో కోడలికి తొమ్మిదో నెల. నొప్పులు పగలొస్తాయో రాత్రొస్తాయో దేవుడికే తెలియాలి. పగలైతే సిస్టరమ్మ ఉంది. రాత్రయితే? ఆ మాట తలుచుకున్నప్పుడల్లా ఆయమ్మకు ముద్ద మింగుడుపడడం లేదు.

ఆ మాటే అడుగుదామని ఆ ప్రాంతం నాయకుడి ఇంటికి రెండుసార్లు వెళ్లింది. రెండుసార్లూ గుమ్మం దగ్గర మనిషి, "అయ్యగారు పడుకున్నారు" అన్నాడు. "ఎప్పుడు లేస్తారు నాయనా?" అంటే, "ఎన్నికలప్పుడు" అని వాడే నవ్వాడు.

అలాంటి నాయకుడు తనంతట తానే ఆసుపత్రి చూడడానికి వస్తున్నాడని కబురొచ్చింది. సిస్టరమ్మకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

"పన్నెండు మంచాలకి పొద్దున్నుంచి ముగ్గురే రోగులు! ఖాళీగా కనబడితే ఈ ముగ్గురినీ కూడా పెద్దాసుపత్రికి పంపి పగలు కూడా ఏకంగా తాళమేస్తారు. ఆయమ్మా, నువ్వూ పడుకో."

"నాకేం రోగమమ్మా? రాయిలా ఉన్నాను."

"జ్వరమను. జ్వరం ఎవరి మొహానికైనా నప్పుతుంది. ఎలా ఉందమ్మా అని అడుగుతాడు. బాగుందయ్యా అని కళ్లు మూసుకో. నీకు పుణ్యముంటుంది, ఇంకో మాట మాట్లాడకు."

ఆయమ్మతో పాటు కాపలా అతని భార్య, ఆమె చెల్లెలు, ఎదురు దుకాణం ముసలాయన, ఇలా తొమ్మిది మందీ తలో మంచం ఎక్కారు. ముసలాయన అప్పుడే గురక కూడా మొదలెట్టాడు. తాను రోజూ దుప్పటి మార్చే చివరి మంచం మీద ఆయమ్మ మొదటిసారి నడుం వాల్చింది. సిస్టరమ్మ ఆమె చేతికి సెలైన్ గొట్టం ఆనించి ప్లాస్టర్ వేసింది. ఇక కదలడానికి లేదు.

నాయకుడు వచ్చాడు. వెంట ఫొటోలవాళ్లు, పెద్దాసుపత్రి అధికారి. మంచం మంచం దగ్గరా ఆగి, చివరికి ఆయమ్మ దగ్గరికొచ్చి చేతిమీద చెయ్యి వేశాడు.

"ఎలా ఉందమ్మా ఇక్కడ?"

నేర్చుకున్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. కానీ ఇంత దగ్గరగా ఈ మనిషి మళ్లీ ఎప్పుడు దొరుకుతాడు?

"పగలు బాగుందయ్యా. రాత్రిపూట ఆడపిల్లకి నొప్పులొస్తే ఇక్కడ ఎవరుంటారు? ఉన్న నర్సమ్మని ఎందుకు తీసేశారు?"

ముసలాయన గురక టక్కున ఆగింది. నాయకుడు నవ్వు చెదరకుండానే సిస్టరమ్మ వైపు తిరిగాడు.

"ఈవిడకి ఏం జబ్బు?"

"జ్వరం సార్."

"ఎంత ఉంది?"

"నూట... నూట మూడు సార్."

"అదీ సంగతి. పాపం, పలవరిస్తోంది."

అందరూ హమ్మయ్య అన్నట్టు నవ్వారు. పలవరింత కాదు, నేను ఇక్కడి ఆయాను, నా కూతురు చచ్చిపోయింది అని అరుద్దామనుకుంది ఆయమ్మ. సిస్టరమ్మ కళ్లు కనిపించాయి. దొంగ రోగులను పడుకోబెట్టిందని తెలిస్తే ఆమె ఉద్యోగం ఈ పూటకే ఆఖరు. ఆమె పోతే పగలు కూడా కోడలికి దిక్కుండదు. కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. ఆయమ్మ నోరు మూసుకుంది.

నాయకుడికి ఇంకా జాలి పుట్టింది. "ఇంత జ్వరంతో ఇక్కడెందుకు? పెద్దాసుపత్రికి పంపించండి. ఇప్పుడే, నా ఎదురుగానే."

ఫొటోలవాళ్లు ముందుకొచ్చారు. సిస్టరమ్మ గబగబా పెద్దాసుపత్రికి పంపే చీటీ రాసింది. నడవగలిగిన మనిషిని నలుగురు మోసుకెళ్లి అంబులెన్సులో పడుకోబెట్టారు.

డ్రైవర్ ఆసుపత్రి కుర్రాళ్లలో ఒకడే. కొంత దూరం పోయాక అద్దంలోంచి చూశాడు. "పిన్నీ, లేవకు. వెనక ఆయన కారు వస్తోంది."

"నన్ను దింపెయ్యిరా అబ్బాయ్. ఇంట్లో కోడలు ఒక్కతే ఉంది."

"దింపితే నా పని గోవిందా. చీటీ రాశాక అప్పజెప్పాల్సిందే."

రైలు గేటు పడింది. గూడ్సు బండి ఒకటి సగం దూరం వచ్చి, మనసు మారినట్టు పట్టాల మీదే నిలబడిపోయింది. సైరన్ గొంతు చించుకుంటోంది. గేటు మాత్రం లేవలేదు. ఇరవై నిమిషాలు గడిచాయి. కూతురి కాళ్లు చల్లబడింది ఇక్కడే. ఆయమ్మ చేతికున్న ప్లాస్టర్ పీకేసి వెనక తలుపు తోసుకుని దిగింది. కారు అద్దం మీద తట్టింది.

అద్దం దిగింది. "నువ్వా! జ్వరంతో లేచావేంటమ్మా?"

"ఇక్కడే అయ్యా, నా కూతురు పోయింది. ఇలాగే గేటు పడింది. సైరన్ లేదు, ఆటో. మీకు ఆలస్యమైతే మీటింగు ఆగుతుంది. మాకు ఊపిరి ఆగుతుంది. రాత్రికి ఒక్క నర్సమ్మ. అంతే."

"అది పైవాళ్లు తీసుకున్న నిర్ణయమమ్మా. నా చేతిలో ఏముంది?"

"ఓటు అడిగినప్పుడు మీ చేతిలోనే అన్నీ ఉన్నాయన్నారు."

స్కూటర్లమీద వాళ్లు, బస్సు దిగినవాళ్లు చుట్టూ మూగారు. "అడుగమ్మా, గట్టిగా అడుగు!" అన్నాడొకడు. నాయకుడు ముందుకు చూస్తే గేటు, వెనక్కి చూస్తే బస్సు. కారు కదిలే దారి లేదు.

"సరే, రాసిస్తాను. కాగితమేదైనా ఉందా?"

ఎవరి దగ్గరా లేదు. డ్రైవర్ దిగొచ్చి హడావుడిగా చేతిలో ఉన్న ఆసుపత్రి చీటీ అందించాడు. నాయకుడు దాని వెనక నాలుగు ముక్కలు గీకి సంతకం పెట్టాడు. జనం చప్పట్లు కొట్టారు. గేటు లేచింది. కారు దూసుకుపోయింది.

"ఏం రాశాడో చదవరా," అంది ఆయమ్మ.

"ఈ ఆసుపత్రిలో రాత్రి నర్సును వెంటనే నియమించవలెను. సంతకం కూడా ఉంది పిన్నీ!" అంటూ డ్రైవర్ చీటీ తిరగేశాడు. అతని మొహం వాడిపోయింది.

"ఏంట్రా?"

"ఇటువైపు నీ పేరుంది. నీ అసలు పేరే."

తొమ్మిదేళ్లుగా రోజూ రాసిన పేరు. కంగారులో సిస్టరమ్మ చేతికి ఇంకో పేరు తట్టలేదు.

"నూట మూడు జ్వరం, పొద్దున్నే చేర్చుకున్నాం అని రాసి సిస్టరమ్మ సంతకం పెట్టింది. పొద్దున హాజరులో వేలిముద్ర వేశావా?"

"వెయ్యకుండా ఎలా ఉంటాను?"

"ఇక అంతే. ఈ చీటీ ఎవరికి చూపించినా ముందు నువ్వెవరని అడుగుతారు. హాజరు పుస్తకం తీస్తారు, దొంగ రోగివని తేలిపోతుంది. రాత్రి నర్సు సంగతి అటుంచు, పగటి సిస్టరమ్మ ఇంటికి పోతుంది."

"చూపించకపోతే?"

వెనక బస్సు హారన్ కొడుతూనే ఉంది. "ఎక్కు పిన్నీ," అన్నాడు డ్రైవర్, "ముందు నిన్ను అప్పజెప్పాలి."

ఆయమ్మ ఎక్కి కూర్చుంది. అంబులెన్సు పట్టాలు దాటి, ఇంటికి ఎదురు దిక్కున బయల్దేరింది.