జడ్జి కాబోయిన మా సారు

నేను కొత్తగా నల్లకోటు తొడుక్కున్న ఆ కాలంలో, సికింద్రాబాద్ కోర్టులో ఎవరైనా వకీలు జడ్జి కాబోతున్నాడంటే పెళ్లి కుదిరినంత హడావుడి. మా సారు పేరు జడ్జి పోస్టుకు పైకి వెళ్లిందని తెలిసిన రోజున అందరం ఆయన చేయి నలిగేలా ఊపి, సమోసాలు తిన్నాం. గుంటూరు వైపు నుంచి వచ్చి లాలాగూడలో స్థిరపడిన మనిషి. అద్దె కేసులు వాదించి వాదించి గొంతు బొంగురుపోయింది, ఇక కూర్చుని వినాలన్నదే ఆయన కోరిక. నా ఆశల్లా జడ్జిగారి జూనియర్‌నని చెప్పుకోవడం (జడ్జిగారికి జూనియర్లుండరన్న సంగతి చాలా ఆలస్యంగా తట్టింది).

జడ్జి అయ్యేవాళ్లు తమ కేసులన్నీ వేరే వకీళ్లకు అప్పగించి వెళ్లాలి. ఆర్డరు చేతికొచ్చాక ఎవరైనా చేసే పనే అది. మా సారు మరీ నియమం మనిషి కావడంతో ముందే మొదలుపెట్టారు. "రేపు తీర్పు చెప్పాల్సినవాణ్ణి, ఇవాళ పార్టీలతో నాకేం పనయ్యా?" అంటూ కేసుల కట్టలన్నీ పంచేశారు. క్యాంటీన్‌లో మాతో కూర్చోవడం మానేశారు. "కూర ఎలా ఉందండీ అంటే దానికీ వాయిదా వేస్తున్నారు బాబూ" అని సారు భార్య, మా ఆంటీ, నా దగ్గర వాపోయింది.

ఆర్డరు వచ్చింది. అందులో మా సారు పేరు లేదు. ఎందుకు లేదో ఎవరూ చెప్పలేదు. "జెర ఆగితే బాగుండు గద సార్" అన్నాడు మా గుమస్తా, అప్పటికి చేసేదేమీ లేదు. పంచిన కట్టల్లో ఒక్కటీ వెనక్కి రాలేదు. తీసుకున్నవాళ్లు ఎదురుపడితే గడియారం చూసుకుంటూ తప్పుకునేవారు. సారు రోజూ కోటు వేసుకుని వచ్చి, పేపరు చదివి, సాయంత్రం ఇంటికి వెళ్లేవారు. చూస్తుంటే నాకు ఏడుపొచ్చేది.

ఆయన నాకిచ్చింది ఒకే ఒక్క కేసు, మా వీధి టైలరన్నది. ఓనరు దుకాణం ఖాళీ చెయ్యమంటున్నాడు. వాదనల రోజు టైలరన్న నా ముఖం చూసి, "పెద్దసారు రాడా? నా దుకాణం పోతదేమో" అన్నాడు. నాకూ అదే భయం. పరుగున వెళ్లి, కేసు మళ్లీ మీరే తీసుకోండి సార్ అని బతిమాలాను.

"ఇచ్చింది వెనక్కి తీసుకోనయ్యా. పద, నీ వెనక ఉంటా" అన్నారు.

కోర్టులో నా వెనక వరసలో ఆయన్ని చూసి జడ్జిగారు ఆశ్చర్యపోయి, "మీరు ఎవరి తరఫున?" అని అడిగారు. సారు లేచి నిలబడ్డారు. "ఈ కేసులో నేను ఈయన జూనియర్ని" అన్నారు. ఆ తర్వాత ఆయన వెనక నుంచి గొణిగినదంతా నేను గట్టిగా చెప్పాను. దుకాణం నిలిచింది. టైలరన్న నా చేతులు పట్టుకుని కళ్లకద్దుకున్నాడు. సారు కట్ట సర్దుకుంటూ ఉండిపోయారు.

వరండాలో ఆయన పక్కకు వస్తారని అడుగు నెమ్మది చేశాను. ఆయనా నెమ్మది చేశారు. సీనియరు వెనకే నడవాలని నాకు నేర్పింది ఆయనే.

సారు పోయి చాలా కాలమైంది. ఇప్పటికీ ఆ వరండాలో వెనక అడుగులు వినబడితే నా కాళ్లు వాటంతటవే నెమ్మదిస్తాయి. "మోకాలు నొప్పా సార్?" అంటుంది మా జూనియరమ్మాయి. అవునంటాను.