మావయ్య కాళ్ళూ, లండన్ నిబంధనలూ

ఆ రోజుల్లో నా అంత తెలివైనవాడు మారిషస్ మొత్తం మీద లేడని నాకు గట్టి నమ్మకం. పంతొమ్మిదేళ్ళ వయసు అలాంటిది లెండి. స్వాతంత్ర్యం ఇంకా మూడు నాలుగేళ్ళు ఉందనగా, ప్లేన్ మాన్యెన్‌లో విమానాశ్రయం పక్కన గోదాములు కట్టడానికి లండన్ నుంచి ఒక కంపెనీ దిగింది. అందులో నేను గుమాస్తాని. మూడు నెలలు చూసి, బాగుంటేనే ఖాయం చేస్తారట. నాన్న పోయాక మా ఇంట్లో చెరుకు కత్తి పట్టకుండా సంపాదించే మొదటివాణ్ణి నేనే కనుక, ఆ ఉద్యోగం నిలవాలని అమ్మ మొక్కని దేవుడు లేడు.

మా మేనేజరు దొర దేనికైనా కంపెనీ నిబంధనల పుస్తకం తెరిచేవాడు. కూలీలను మధ్యవర్తుల ద్వారా పెట్టుకోకూడదు, ఉద్యోగుల బంధువులకు పనే ఇవ్వకూడదు అని అందులో ఉంది. సరే, గేటు దగ్గర బల్ల వేసుకుని, దరఖాస్తు ఫారాలు పరుచుకుని నాలుగు రోజులు కూర్చున్నాను. ఒక్క మేక వచ్చింది. (రెండు ఫారాలు తిని పోయింది.) మా దగ్గర పనికి వెళ్ళాలంటే సర్దార్, అంటే కూలీల పెద్ద, చెప్పాలి. ఎవరి భార్య పురిటికి ఉంది, ఎవరికి జ్వరం, అన్నీ చూసుకునేది ఆయనే. ఆయన్ని కాదని ఎవడొస్తాడు? తీరా ఆ చుట్టుపక్కల సర్దార్ ఎవరయ్యా అంటే, మా అమ్మకు సొంత అన్నయ్య!

"ఈ నెలలో పునాది పడకపోతే లండన్ వాళ్ళు మూటాముల్లె సర్దుకోమంటారు" అన్నాడు దొర. సర్దార్‌ని పిలవక తప్పదన్నాను. దొర సరేనని, ఆయన నీకు తెలుసా అని అడిగితే, పేరు విన్నానన్నాను. అబద్ధమాడినా అతికినట్టుండాలి కదా! సాయంత్రం మావయ్య ఇంటికి పరుగెత్తి, "రేపు నన్ను ఎరగనట్టుండు మావయ్యా, నీకు పుణ్యముంటుంది" అని బతిమాలాను.

"నా సంగతి నాకొదిలెయ్. నీ సంగతి నువ్వు చూసుకోరా" అన్నాడు.

పొద్దున్నే మావయ్య నలభై మందిని వెంటేసుకుని వచ్చాడు. చిన్నప్పట్నుంచీ ఆయన కనబడగానే కాళ్ళకు దండం పెట్టడం మా ఇంటి అలవాటు. ఒళ్ళు దానంతటదే వంగిపోయింది! లేచేసరికి దొర నన్నే చూస్తున్నాడు. "ఏమిటిది?" అన్నాడు. ఉద్యోగం పోయిందనుకున్నాను.

"ఇక్కడ పని మొదలెట్టే ముందు సర్దార్‌కి అందరూ ఇలాగే దండం పెడతారు, మిస్యే" అన్నాడు మావయ్య దొరతో నింపాదిగా, వెనక్కి కూలీల వైపు తిరిగి కళ్ళెర్రజేస్తూ. ఇంకేముంది, నలభై మందీ వరస కట్టారు. మావయ్య కంటే పదేళ్ళు పెద్దవాడొకడు "నీ పని తర్వాత చెప్తా" అని గొణుగుతూ వంగాడు. చివర్న దొర టోపీ తీసి, తనూ వంగాడు! మావయ్య కంగారులో, గుళ్ళో పూజారి అనే మాట ఒక్కటే గుర్తొచ్చి, "శతమానం భవతి" అనేశాడు.

మర్నాడే పునాది తవ్వారు. ఈ దేశంలో సర్దార్ లేనిదే పని నడవదని దొర లండన్‌కి రాసి, నిబంధన మార్పించాడు. నా ఉద్యోగమూ ఖాయమైంది. అమ్మ ఏడ్చేసింది. దొరను ఎలా బుట్టలో వేశానో నేను ఊరూరా చెప్పుకు తిరిగాను.

స్వాతంత్ర్యం వచ్చాక దొర వెళ్ళిపోతుంటే సాగనంపడానికి వెళ్ళాను. చెయ్యి కలిపి, "మీ మావయ్యను అడిగానని చెప్పు" అన్నాడు.

"ఎప్పట్నుంచి తెలుసు సర్?"

"ఆ రోజే. నువ్వు లేవగానే ఆయన నీ కాలరు సర్దాడు. కంపెనీ గుమాస్తా కాలరు ఏ సర్దార్ సర్దుతాడయ్యా?"

"మరెందుకు ఊరుకున్నారు?"

"పుస్తకం ప్రకారం పోతే నువ్వు పోతావు, ఆయన పోతాడు, ఆ నలభై మందీ పోతారు. పుస్తకం చంకలో పెట్టుకుని నేనొక్కణ్ణీ ఏం కట్టను?"

అన్నీ తెలిసి మాకోసం వంగిన మనిషిని పట్టుకుని, మోసపోయాడని నాలుగేళ్ళు నవ్వానే! సాగనంపిన ఆ వేళ ఆయన కాళ్ళకు ఎందుకు దండం పెట్టలేదా అని ఇప్పటికీ అనుకుంటుంటాను.