విడాకుల ఒట్టు డాక్టరు

మా ఫిజియోథెరపీ డాక్టర్ షెహాతాకు ఉన్న జబ్బు ఒక్కటే, నోరు తెరిస్తే విడాకుల ఒట్టు. "ఈ టీ తాగాల్సిందే, లేదంటే నా పెళ్ళానికి విడాకులే!" అంటాడు. ఈజిప్టులోని మా మన్సూరా ఊళ్ళో మగాళ్ళకి ఈ ఒట్టు అలవాటే. ఈయన మాత్రం దాంతో ఏకంగా వైద్యమే చేసేవాడు.

చేతికి డయాలిసిస్ సూదులతో నేను పడుకుని ఉంటే, కాలికి ఇసుక సంచీ కట్టి పక్కన నిలబడేవాడు.

"ఉమ్మ్ గలాల్, కాలు ఎత్తండి. పదిహేను సార్లు."

"నా వల్ల కాదు నాయనా."

"ఎత్తకపోతే నా పెళ్ళానికి విడాకులు! ఒకటి కాదు, మూడు!"

పక్క మంచం బయ్యూమీ బాబాయ్ గుండెలు బాదుకున్నాడు. "ఎత్తవమ్మా తల్లీ! ఒకరి కాపురం కూల్చి ఏం బావుకుంటావ్?"

తిట్టుకుంటూ ఎత్తాను. పన్నెండు దగ్గర ఆగితే వార్డంతా "ఇంకా మూడు!" అని అరిచింది. నా తొడలు మండిపోయాయి గానీ డాక్టరు పెళ్ళాం కాపురం నిలబడింది.

నా ఏడుపు వేరే. కాళ్ళలో సత్తువ పోయి, మూడో అంతస్తులో ఉన్న నా ఇంటికి ఎక్కలేక, కింద ఆడపడుచు పంచన ఏడాదిగా పడి ఉన్నాను. ఆవిడ సణుగుడు పగవాళ్ళకి కూడా వద్దు. అందుకే వారానికి మూడు రోజులు డాక్టరు కాపురాన్ని కాపాడుతూ వచ్చాను.

"ఆ ఇల్లాలు నిన్నెలా భరిస్తోందయ్యా?" అని ఒకసారి అడిగాను.

"మీ కాళ్ళే ఆధారంగా బతుకుతోందమ్మా," అన్నాడు దిగులుగా.

ఆరు నెలలకి, ఒక శుక్రవారం, మెట్ల కమ్మీ పట్టుకుని యాభై రెండు మెట్లెక్కి నా తలుపు నేనే తీసుకున్నాను. సంతోషం పట్టలేక పెట్టిన కేకకి, దొంగలు పడ్డారనుకుని ఆడపడుచు పైకి పరుగెత్తుకొచ్చింది.

మర్నాడే బస్బూసా మిఠాయి చేసి, నర్సునడిగి ఇల్లు కనుక్కుని, ఆ ఇల్లాలికి పట్టుకెళ్ళాను. డాక్టరు తల్లి తలుపు తీసింది.

"మీ కోడలిని పిలవండమ్మా. ఆవిడ కాపురం నిలబెట్టింది నా కాళ్ళే."

"కోడలా! వాడికి నలభై ఐదేళ్ళు. పెళ్ళి చేసుకోరా అని చెప్పీ చెప్పీ నా నోరు పడిపోయింది. నీకు తెలిసిన పిల్ల ఎవరైనా ఉందా?"

నాకు ఒళ్ళు మండింది. ఆరు నెలలు లేని పెళ్ళాం కోసం కాళ్ళెత్తానా! నాలుగూ దులిపేద్దామనే తరవాతి డయాలిసిస్‌కి వెళ్ళాను. అక్కడ కొత్తగా చేరిన రదీబా కాలు కదపనని మొండికేసి ఉంది. డాక్టరు అప్పుడే ఒట్టు పెట్టాడు.

"అసలీయనకి పెళ్ళాం ఉందా?" అంది రదీబా అనుమానంగా.

డాక్టరు బిక్కమొహం వేసుకుని నావైపు చూశాడు. తల్లి అంతా చెప్పేసినట్టుంది. ఆ మొహం చూశాక నాకు యాభై రెండు మెట్లూ గుర్తొచ్చాయి.

"ఉండకేం తల్లీ! బంగారంలాంటి మనిషి. మొన్ననే నా చేత్తో బస్బూసా తినిపించి వచ్చాను. కాలెత్తు, పాపం!" అన్నాను.

రదీబా కాలు లేచింది. బయ్యూమీ బాబాయ్ లెక్క అందుకున్నాడు. "ఒకటి!"