మూడుసార్లు చదివిన సీసా

ఆ ఊరి ఆసుపత్రికి డాక్టర్లు వస్తారు, పోతారు. నర్సమ్మ మాత్రం ముప్పై ఒక్క ఏళ్లుగా అక్కడే ఉంది. ఊళ్లో సగం మంది మొదటి ఏడుపు విన్నది ఆవిడే, వాళ్లకు సూది పొడిచి రెండో ఏడుపు తెప్పించిందీ ఆవిడే. ముక్కుసూటి మనిషి. పరామర్శకు వచ్చి రోగి పక్కన చతికిలబడే చుట్టాలంటే ఒళ్లు మంట. "మంచం రోగికి, బెంచీ మీకు," అని లేపేసేది, ఎంత పెద్దమనిషైనా సరే.

ఆవిడ పద్ధతి ఒకటుంది. ఏ మందు సీసా అయినా మూడుసార్లు పైకి చదవాలి. ట్రేలోంచి తీసేటప్పుడు ఒకసారి, సిరంజిలోకి ఎక్కించేటప్పుడు ఒకసారి, సూది గుచ్చే ముందు ఇంకోసారి. మనసులో చదివితే కుదరదు, మంచం మీది మనిషికి వినపడాలి. ఆవిడ మొగుడిది గడియారాల రిపేరు కొట్టు. ఆయనైతే, "మా ఇంట్లో ఉప్పుడబ్బా కూడా మూడుసార్లు చదివిగానీ మూత తీయరు," అని కొట్టుకు వచ్చినవాళ్లందరికీ చెప్పేవాడు.

రిటైర్మెంటుకు ఇంకా నాలుగు నెలలున్నాయనగా, ఒకరోజు పొద్దున నాలుగో మంచం మీదున్న బస్సు కండక్టరుకు జ్వరం ఇంజెక్షను ఇవ్వబోయింది. ట్రేలో రెండో గడిలోంచి సీసా తీసింది, చదివింది. మందు ఎక్కిస్తూ చదివింది. చెయ్యి పట్టుకుని మూడోసారీ చదివింది.

"సిస్టరమ్మా, ఒక్క నిమిషం," అన్నాడు కండక్టరు. "ఐదు రోజుల్నుంచీ నీలం మూత సీసా. ఇవాళ ఆకుపచ్చది. రూటు మార్చారా?"

జీవితమంతా టికెట్ల రంగులు చూసిన కళ్లు మరి. నర్సమ్మ ట్రేలోని సీసా తీసి వెలుతురులో పెట్టి చూసింది. అది జ్వరం మందు కాదు, బీపీ తగ్గించే మందు. స్టోరు మనిషి కొత్త సరుకును ఆ గడిలో సర్దేశాడు. ఒంట్లోకి వెళ్లుంటే కండక్టరు ఆ మధ్యాహ్నానికే ఆఖరి స్టాపులో దిగిపోయేవాడు. ఆవిడ రోగి మంచం మీదే కూలబడింది.

చదవకుండా వదిలేసి ఉంటే తిట్టుకుని ఊరుకునేది. కానీ మూడుసార్లూ చదివింది. కళ్లు సీసా మీదే ఉన్నాయి. నోరు మాత్రం ఆ గడిలో రోజూ ఉండే మందు పేరే చదివింది. ఇన్నేళ్ల అలవాటు కళ్లకు గంతలు కట్టేసింది.

"ఇవ్వలేదుగా. ఎవరికీ ఏమీ కాలేదు," అన్నాడు డాక్టరు. "నాలుగు నెలల్లో సన్మానం పెట్టుకుని ఇవన్నీ రాయడమెందుకమ్మా?"

"జరిగింది కాబట్టి," అని నర్సమ్మ తన పొరపాటును తానే రిపోర్టు రాసి సంతకం పెట్టింది. అది ఆవిడకు పెద్ద కష్టమనిపించలేదు. ఆవిడను పీక్కుతిన్నది వేరే.

పన్నెండేళ్ల కింద, అదే వార్డులో ఒక చిన్న నర్సు ఉండేది. మనిషి పొట్టి కాబట్టి అందరూ పొట్టి సిస్టరనేవారు. ఒకరోజు ఆ పిల్ల ఒక ముసలాయనకు ఒక మందు బదులు ఇంకో మందు ఇచ్చేసింది. ఆయనకు స్పృహ తప్పింది, పెద్ద ఊరి ఆసుపత్రికి తరలించారు. "చదివానమ్మా. మూడుసార్లూ చదివాను," అని ఆ పిల్ల ఏడ్చింది. నర్సమ్మ నమ్మలేదు. చదివితే తప్పెలా వస్తుంది? "సీసా చదవలేదు, పైగా చదివానని అబద్ధమాడుతోంది," అని రిపోర్టు రాసింది. సాయంత్రానికల్లా ఆ పిల్ల ఉద్యోగం పోయింది. మర్నాడే ఊరొదిలి వెళ్లిపోయింది.

తనదాకా వస్తేగానీ తత్వం తెలియదంటారు. నర్సమ్మకు తెలిసేసరికి పన్నెండేళ్లు పట్టింది. రెండు రోజులు అన్నం సయించలేదు. "అప్పుడు రాసిందీ నువ్వే కదా. ఇప్పుడు కూర్చుని అది తప్పని రాయి," అన్నాడు మొగుడు, గడియారంలోంచి తలెత్తకుండానే.

రాసింది. ఆ నర్సు నిజమే చెప్పింది, అబద్ధమని రాసింది నా అహంకారం, రికార్డు సరిదిద్దండి, అని పై ఆఫీసుకు ఉత్తరం. వాళ్లనూ వీళ్లనూ అడిగి పొట్టి సిస్టరు ఆచూకీ పట్టుకుంది. రెండు గంటల బస్సు ప్రయాణం. బస్టాండు ఎదుట చిన్న జిరాక్సు షాపు. కౌంటరు వెనక కూర్చున్న మనిషి నర్సమ్మను చూడగానే లేచి నిలబడింది, వార్డులో నిలబడినట్టే.

"కూర్చో తల్లీ," అంది నర్సమ్మ. ఉత్తరం చేతికిచ్చింది. "ఇది రెండు కాపీలు తియ్యి. ఒకటి నీకు. తీసే ముందు చదువు."

ఆమె నెమ్మదిగా చదివింది. తిడుతుందని నర్సమ్మ సిద్ధపడే వచ్చింది. తిడితే బాగుండునని కూడా అనుకుంది. ఆమె కాగితాన్ని మెషీను మీద పెట్టింది గానీ మీట నొక్కలేదు.

"ఆ ముసలాయన ఏ రోజున పోయారమ్మా?"

నర్సమ్మ అప్పట్లో నాలుగు పేజీల రిపోర్టు రాసింది. ఈ పిల్లకు ఒక్క ముక్క కబురు మాత్రం పంపలేదు. వారం తిరక్కుండానే ఆయన కోలుకుని వార్డుకు తిరిగొచ్చాడన్న సంగతి అక్కడ అందరికీ తెలుసు. తెలియాల్సిన మనిషికి తెలియదని ఎవరికీ తట్టలేదు.

"పోలేదమ్మా. వారంలోనే లేచి కూర్చున్నాడు. ఆ పైన ఆరేళ్లు బతికాడు. కూతురి దగ్గర ఉండేవాడు. మనవరాలిని స్కూలుకు తనే దిగబెట్టేవాడు. వార్డు ముందు నుంచి వెళ్తూ నాకు చెయ్యి ఊపేవాడు."

ఆమె స్టూలు మీద కూర్చుండిపోయింది. కౌంటరు దగ్గర ఇద్దరు పిల్లలు హాల్‌టికెట్ల కాపీల కోసం నిలబడి ఉన్నారు. వాళ్లను ఆమె చూడనేలేదు.

"నా చేతుల వల్లే పోయారనుకున్నాను," అంది. "అందుకే మళ్లీ సూది ముట్టుకోలేదు."

కాసేపటికి కళ్లు తుడుచుకుంది. "ఇంకోసారి చెప్పండమ్మా," అంది.

నర్సమ్మ కౌంటరు దాటి లోపలికి వెళ్లి, ఆమె పక్కనే కూర్చుని మొదట్నుంచీ చెప్పింది.