పద్మ సమయానికే వచ్చింది

ఏళ్లుగా ఒక అబద్ధాన్ని మోస్తున్నాను. దాన్ని పాఠంగా కూడా చెప్పాను. మీరెవరో నాకు తెలియదు, అందుకే మీతో చెప్పగలుగుతున్నాను.

ఢిల్లీకి మెట్రో కొత్తగా వచ్చిన రోజులు. అక్కడొక ప్రభుత్వాసుపత్రి ప్రసూతి వార్డులో డాక్టర్ని. సరోజినీ నగర్ ప్రభుత్వ క్వార్టర్స్‌లో ఉండేవాళ్లం. ఒక మధ్యాహ్నం పద్మను తీసుకొచ్చారు. పాలమూరు నుంచి వచ్చి, గుర్గావ్‌లో అపార్టుమెంట్లు కట్టేచోట కూలి చేస్తోంది. షెడ్డులోనే కాన్పయింది. పాప క్షేమం, తల్లికి మాత్రం రక్తస్రావం ఆగలేదు. నేను తెలుగులో పలకరించగానే ఆమె భర్త నర్సింలు ముఖం తేటపడింది.

"మనోల్లే ఉన్నరు. ఇంగ భయం లేదు," అని ఆమెతో అన్నాడు. ఆమె నవ్వింది కూడా.

వెంటనే రక్తం ఎక్కించాలి. ఆమె గ్రూపు మా బ్లడ్ బ్యాంకులో ఉంది. కానీ బదులు రక్తమిచ్చే మనుషులు వచ్చాకే ఇవ్వడం అక్కడి అలవాటు. ప్రాణం మీదికొస్తే డ్యూటీ డాక్టరు చెప్పి తెప్పించవచ్చు. ఆ డాక్టర్ని నేనే. అంతకుముందు అలా తెప్పించినందుకు పెద్ద డాక్టరు అందరి ముందూ చీవాట్లు పెట్టారు. మళ్లీ ఆ మాటలు పడలేక, మనుషుల్ని తీసుకురమ్మని నర్సింలును గుర్గావ్ పంపాను.

భయమా అది? భయమేనని చాలాకాలం సర్దిచెప్పుకున్నాను గానీ, ఆ మంచం మీద మా క్వార్టర్స్‌లోని ఏ ఆఫీసరు భార్యో ఉండి ఉంటే మరో ఆలోచన లేకుండా బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసేదాన్నని నాకు తెలుసు.

అతను తోటి కూలీలతో తిరిగొచ్చేసరికి పద్మ పోయింది.

"మీరు ఆమెను ఆసుపత్రికి తీసుకురావడమే ఆలస్యమైంది," అన్నాను.

అతను నేలకేసి చూశాడు. "అవునమ్మా. బండి దొరకలే. తప్పు నాదే," అన్నాడు. నాకు చేతులు జోడించాడు. నేను కాదనలేదు.

తర్వాత ఎన్నో శిక్షణ తరగతుల్లో, తల్లి బతకడం ఆమె హక్కు, మనం చూపే దయ కాదు అని గట్టిగా చెప్పాను. ఇప్పటికీ అదే నమ్ముతాను. కానీ కుటుంబాలు చేసే ఆలస్యానికి ఉదాహరణగా ప్రతిసారీ నర్సింలు కథే చెప్పాను. ఎవరూ అనుమానించలేదు.

వెతికితే దొరికేవాడేమో. వెతకలేదు. ఆ పాప పెద్దదై అమ్మ గురించి అడిగితే ఏం చెప్పి ఉంటాడు? నేను చెప్పిందే.

పద్మ సమయానికే వచ్చింది. రక్తం ఉంది. నేను ఇవ్వలేదు.

ఇంత చిన్న మాటలు రాయడానికి ఇన్నేళ్లు పట్టింది. ఊపిరి కాస్త తేలిగ్గా ఆడుతోంది. అంతకుమించి అడిగే హక్కు నాకు లేదు.