అత్త నిద్ర చెదరని బండి

మావ పోయాడన్న కబురు నాకు బడిలో ఉండగా వచ్చింది. పిల్లలకి లెక్క ఇచ్చి వరండాలోకి వచ్చి ఫోను ఎత్తితే అవతల అమ్మ ఏడుపు. పొద్దున్నే లేచి, కారు అద్దాలు తుడిచి, అరుగు మీద కూర్చుని టీ అడిగాడట. అత్త గ్లాసు పట్టుకుని వచ్చేసరికి గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుని ఉన్నాడట. నిద్రపోతున్నాడనుకుని లేపలేదట. టీ చల్లారాక గాని ఎవరికీ తెలియలేదు.

అప్పుడు నా నోట వచ్చిన మొదటి మాట తలచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది. "ఇవాళ ఏ వారమే అమ్మా?" అన్నాను. సోమవారం. మర్నాడు మంగళవారం. మంగళ, శుక్రవారాలు అత్తకి డయాలసిస్. ఆ రెండు రోజులూ భావనపాడు నించి శ్రీకాకుళం దాకా ఆమెని తీసుకెళ్ళే మనిషి మావ, తీసుకెళ్ళే బండి మావ పాత కారు. మనిషి వెళ్ళిపోయాడు. బండి ఎన్నాళ్ళుంటుందన్నది అప్పటికి ఆరు నెలలుగా మా ఇంట్లో అందరి గుండెల మీదా ఉన్న బరువు. ఇది చదువుతున్న మీకు నేను రాతిగుండె మనిషిలా కనిపిస్తే ఆశ్చర్యం లేదు. అందుకే మావ గురించి, ఆ కారు గురించి, దాని గేర్ల గురించి కూడా చెప్పుకోవాలి.

మావ మా అమ్మకి తమ్ముడు. విశాఖ హార్బర్లో ఇరవయ్యేళ్ళు బోటు నడిపాడు. ఒకనాడు బోటుకీ గట్టుకీ మధ్య ఎడమ కాలు నలిగింది. కాలు మిగిలింది గాని, మోకాలి కింద మాట వినడం మానేసింది. ఊరికి తిరిగొచ్చి వలలు బాగుచేసుకుంటూ కూర్చున్న ఏడాదే అత్తకి కిడ్నీలు పాడయ్యాయని తేలింది. మా ఉద్దానం చుట్టుపక్కల ఇది కొత్త జబ్బేమీ కాదు. అయినా మన ఇంటికి వచ్చినప్పుడు కొత్తగానే ఉంటుంది. దగ్గరలో ఇంకా డయాలసిస్ సెంటర్లు రాని రోజులవి. బస్సులో శ్రీకాకుళం వెళ్ళొస్తే అత్త మర్నాడంతా మంచం దిగేది కాదు. వారానికి రెండుసార్లు అద్దె కారంటే మా తాహతు కాదు.

అప్పుడు మావ విశాఖ వెళ్ళి ఈ తెల్ల కారు తెచ్చాడు. బదిలీ మీద వెళ్ళిపోతున్న ఒక ఆఫీసరు అమ్మకానికి పెట్టి విసిగిపోయిన బండి. మీటరు రెండు లక్షలు దాటింది. పైగా క్లచ్చి లేదు, గేర్లు తమంతట తామే మారతాయి. పాత ఆటోమేటిక్కు ఎవరు కొంటారు? ఊళ్ళో అందరూ మావకి మతి పోయిందన్నారు. మావ మాత్రం ఎడమ తొడ మీద చరుచుకుని, "ఎవలూ కొనని బండి. నా కాలు కోసరమే ఉండిపోయినాది," అన్నాడు.

ఆ కారులో నేను చాలాసార్లు వాళ్ళతో వెళ్ళాను. తెల్లారుతుండగా బయల్దేరేవాళ్ళం. నౌపడా దగ్గర రోడ్డుకి రెండు పక్కలా ఉప్పు మళ్ళు. నీళ్ళు ఏవో, ఆకాశం ఏదో తెలియని ఆ వేళ, ఉప్పు కుప్పలు మాత్రం తెల్లగా తేలుతూ వెనక్కి వెళ్ళేవి. మావ మాట్లాడేవాడు కాదు. వెనక సీట్లో అత్త శాలువా కప్పుకుని పడుకునేది. ఇంట్లో ఆమెకి నిద్ర లేదు. ఒళ్ళు దురద, కాళ్ళు లాగడం. మంచం మీద రాని నిద్ర కారులో ఎలా వచ్చేదో గాని, మళ్ళు దాటేసరికి ఆమె ఊపిరి బరువుగా, నిదానంగా వినిపించేది. ఆ ఊపిరి వింటూ ప్రయాణం చేస్తుంటే నాకూ రెప్పలు వాలిపోయేవి. కలలో ఎవరో మనల్ని మెత్తగా ఎత్తుకుని తీసుకెళ్తున్నట్టు ఉండేది.

"గేరు మారినట్టు తెలీకూడదే గుంటా," అనేవాడు మావ, గొంతు తగ్గించి. "తెల్సిందంటే దాని నిద్దర సెడిపోతాది." ఆడపిల్లల్ని 'గుంటా' అని పిలవడం ఆయనకి అలవాటు. నాకు నలభై దాటినా నేను గుంటనే.

తిరిగొచ్చేటప్పుడు ఆయనకి ఇంకో అలవాటు. ఇంటి ముందుకి వచ్చాక అత్త నిద్రలో ఉంటే ఆపేవాడు కాదు. ఇంజను ఆగితే ఆమెకి మెలకువ వస్తుంది. అందుకని ఇల్లు దాటించి, సరుగుడు తోట పక్కనుంచి ఒడ్డు వెంబడి మెల్లగా పోనిచ్చి, రోడ్డు అయిపోయిన చోట తిప్పుకుని మళ్ళీ వచ్చేవాడు. ఆమె లేచేదాకా రెండు మూడు చుట్లు. పెట్రోలు దండగని అమ్మ సణిగితే, "నిద్దర ఏ కొట్లో అమ్ముతారో సెప్పు అప్పా, కొని తెచ్చేత్తాను," అనేవాడు.

నాకు డ్రైవింగ్ నేర్పిందీ ఆయనే. ఊళ్ళో ఆడవాళ్ళెవరూ కారు నడపరు. నేను స్టీరింగు పట్టుకున్న రోజు వలల దగ్గర కూర్చున్నవాళ్ళంతా పని ఆపి చూశారు. నా ఎడమ కాలు ఊరికే ఉండేది కాదు. ఏదో తొక్కాలని వెళ్ళి బ్రేకు మీద పడేది, బండి తలకొట్టుకున్నట్టు ఆగేది. మావ నవ్వి, "ఎడం కాలికి పన్నేదు. దాన్ని తొంగోమను," అన్నాడు. అంటే పడుకోమని. మళ్ళీ తన కాలు చూపించి, "నాది సూడు, ఎంత బుద్ధిగా తొంగున్నాదో," అన్నాడు. ఆయన కాలు ఆనే చోట కింద వేసిన కొబ్బరిపీచు పట్టా అరిగి పల్లమై ఉండేది. నా కాలు కూడా ఆ పల్లంలోనే పెట్టుకునేదాన్ని.

కిందటి వానాకాలంలో మడపాం వంతెన మీద మొదటిసారి తేడా వచ్చింది. రెండో గేరు నించి మూడోదానికి వెళ్ళే చోట ఇంజను గట్టిగా అరిచింది, బండి మాత్రం అందుకోలేదు. ఒక్క క్షణం. తర్వాత వెనకనుంచి ఎవరో నెట్టినట్టు ఠక్కున కుదుపు. వెనక అత్త కళ్ళు తెరిచి, "ఏటైనాది?" అంది. "ఏటీ నేదు, తొంగో," అన్నాడు మావ. అద్దంలో ఆయన మొహం చూశాను. నడిసముద్రంలో బోటు ఇంజను ఆగినా అంతలా భయపడి ఉండడు.

ఆ రోజు నించి ఆయనకి కంటి మీద కునుకు లేదు. టెక్కలిలో మెకానిక్కు బానెట్టు ఎత్తి, లోపలికి తొంగిచూసి, మర్యాదగా మళ్ళీ దించేశాడు. "గేర్లున్న బండైతే సెప్పు మావా, ఇప్పి పడేత్తాను. ఇది నాకు తెల్దు," అన్నాడు. శ్రీకాకుళంలో ఇంకొకాయన నూనె కొలిచే పుల్ల లాగి గేరాయిలు వేలికి రాసుకుని వాసన చూశాడు. నల్లగా ఉంది, మాడిన కంపు. మొత్తం తీసి కొత్తది పోసెయ్యాలన్నాడు. విశాఖలో పాత బళ్ళ పనివాడికి ఫోను చేస్తే, పొరపాటున కూడా ముట్టుకోవద్దన్నాడు. ఇన్నేళ్ళు మార్చని నూనె ఒక్కసారిగా మారిస్తే లోపల ఉన్న కాస్త పట్టూ పోయి బండి ఉన్నచోటే ఉండిపోతుందట. గేరుపెట్టె పోతే మా జిల్లాలో చేసేవాడు లేడు, చేయించినా నెలల పని అన్నాడు.

"ఒకడు మార్సకపోతే సస్తాదంటాడు, ఒకడు మారిస్తే సస్తాదంటాడు," అన్నాడు మావ ఫోను పెట్టేసి. నెలల మాట అటుంచండి, అత్తకి నాలుగో రోజు దాటితే ఒళ్ళు నీరు పడుతుంది. అది ఆయన పైకి అనలేదు. సాయంత్రాలు కారులో ఒక్కడే కూర్చుని ఇంజను వేసి, చెవి కిందికి వంచి వినేవాడు. అత్త గుమ్మంలోంచి, "నా సెయ్యట్టుకుని ఒక్కనాడూ నాడి సూడనేదు గాని, ఆ బండికి మాత్రం రోజూ సూత్తాడు," అని ఎకసెక్కమాడేది. ఆయన నవ్వేవాడు కాదు.

దారి ఆసుపత్రిలోనే దొరికింది. ఒక శుక్రవారం పక్క మంచం మీదకి కొత్త రోగి వచ్చాడు. రెండు గంటలకే అతన్ని మిషను నించి తీసేస్తుంటే, మిగతావాళ్ళకి నాలుగు గంటలు చేస్తున్నారు కదా అని అతని కొడుకు నర్సుతో గొడవ పెట్టుకున్నాడు. నర్సు కోప్పడకుండా చెప్పింది. ఇన్నాళ్ళు పేరుకున్నది మొదటిసారే అంతా కడిగేస్తే ఒళ్ళు తట్టుకోదు, కొద్దికొద్దిగా అలవాటు చెయ్యాలని. స్టూలు మీద కూర్చున్న మావ అది విన్నాడు. కుంటుకుంటూ బయటికి వచ్చి నాకు ఫోను చేశాడు. "గుంటా, మందు దొరికినాదే!" అన్నాడు. అత్తకేమో అనుకున్నాను. బండికట.

నూనె కూడా కొద్దికొద్దిగా మారిస్తే ఎలా ఉంటుందని విశాఖ పనివాణ్ణి మళ్ళీ అడిగితే, అలాగైతే ఫరవాలేదు గాని ఓపిక కావాలన్నాడు. ఇరవయ్యేళ్ళు సముద్రం మీద కూర్చున్నవాడికి ఓపిక గురించి చెప్పడమేమిటి. ప్రతి ఆదివారం మావ తాటాకు చాప పరుచుకుని కారు కిందికి దూరి ఒక్క సీసాడు పాత నూనె తీసేవాడు. ఆయన చెయ్యి అందించమన్నప్పుడు నేను పైనుంచి గరాటు పెట్టి అంతే ఎర్రటి కొత్త నూనె పోసేదాన్ని. మిగతా వారమంతా దాన్ని లోపల కలవనిచ్చేవాడు. తీసిన నూనె పారబోయడానికి మనసొప్పక, ఒడ్డున ఏరుకొచ్చిన తెల్ల బ్రాందీ సీసాల్లో పోసి పడమటి గది కిటికీలో వరసగా పెట్టాడు. జన్మలో చుక్క ముట్టని మనిషి. దారిన పోయేవాళ్ళు, "ఏటి మావా, కొట్టు పెట్టినావా?" అని అడిగేవారు. "పెట్టినాను, నీకు మొదటి సీసా," అని నల్లటిది చూపించేవాడు.

మొదటి సీసా చిమ్మచీకటి. మూడోది కాఫీ డికాక్షను. ఆరోదానికి అంచుల్లో ఎరుపు తగిలింది. సాయంత్రం ఎండ కిటికీలోకి వాలినప్పుడు ఆ గది నేల మీద రంగుల నీడలు పడేవి. కాళ్ళు లాగుతున్న అత్త మంచం మీద పడుకుని వాటినే చూస్తూ ఉండేది. ఎనిమిదో సీసా వారం మడపాం వంతెన మీద కుదుపు తగ్గింది. పదకొండోది కుంకుమ నీళ్ళలా ఉంది. పన్నెండుతో ఆపేద్దామన్నాడు మావ. పై ఆదివారం కోసం పన్నెండో సీసా కడిగి ఆరబెట్టి, ఖాళీగా వరస చివర పెట్టాడు. ఆ మర్నాడే పోయాడు.

సోమవారం పొద్దు వాలకముందే ఆయన్ని సాగనంపి వచ్చాం. ఇల్లు నిండా జనం. ఎవరూ అడగని మాట అత్తే అడిగింది, కళ్ళు తుడుచుకోకుండా. "రేపు నన్నెవలు తీసుకెల్తారు?" అంది. భర్త పోయిన మనిషి పదకొండు రోజులూ గడప దాటకూడదు, అది మా ఆచారం. అమ్మ ఆమె పక్కన కూర్చుని, "రేపొక్కరోజు ఆగలేవేటే? ఊరేటనుకుంటాది," అంది.

"ఆగుతానొదినా," అంది అత్త. "ఆగితే పదకొండో దినం ఇద్దరికీ కలిపే పెట్టేసుకోండి."

అమ్మ లేచి లోపలికి వెళ్ళి, మేకుకి ఉన్న కారు తాళం తెచ్చి నా ఒళ్ళో వేసింది. మావ లేకుండా ఆ కారు నేనెప్పుడూ ఊరు దాటించలేదని ఆమెకి తెలుసు. నాకు భయం వేసింది. దారిలో గేరుపెట్టె మొరాయిస్తే, వెనక అత్తని పెట్టుకుని హైవే మీద నేనేం చెయ్యాలి? స్టీరింగు ముందు కూర్చుని ఆ ప్రశ్న ఆరు నెలలు మోసింది మావ ఒక్కడేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు తెల్లవారుజామున బయల్దేరాం. అత్త ఎక్కేటప్పుడు డ్రైవరు సీటు వీపు మీద ఒకసారి చెయ్యి ఆన్చి తీసేసింది. ఉప్పు మళ్ళు వచ్చాయి, వెళ్ళాయి. ఆమె పడుకోలేదు. కిటికీలోంచి చూస్తూ ఏడుస్తోంది. వంతెన ఎక్కేటప్పుడు నేను స్టీరింగు బిగించి పట్టుకున్నాను. ఇంజను గొంతు కాస్త పెరిగింది, మళ్ళీ తగ్గింది. వంతెన దిగాక గాని మూడో గేరు ఎప్పుడో పడిందని నాకు అర్థం కాలేదు. ఒంటికి తెలియలేదు. అప్పుడు వచ్చింది నాకు ఏడుపు, నిన్నటి నించి రానిదంతా.

తిరుగు ప్రయాణంలో, కోటబొమ్మాళి దాటాక, వెనకనుంచి ఆ ఊపిరి వినిపించింది. బరువుగా, నిదానంగా. అద్దంలో చూశాను. శాలువా గడ్డం దాకా లాక్కుని, నోరు కొంచెం తెరిచి, అత్త నిద్రపోతోంది.

ఇంటి ముందుకి వచ్చేసరికి పొద్దు వాలుతోంది. అరుగు నిండా చుట్టాలు. ఆమెని దించుకుందామని అమ్మ మెట్లు దిగి వస్తోంది. కిటికీలో పదకొండు సీసాలు, పక్కన ఖాళీది. బ్రేకు తొక్కి ఉంచి ఒకసారి వెనక్కి తిరిగి చూశాను. అమ్మ కారు దాకా వచ్చి, అద్దంలోంచి లోపలికి తొంగిచూసి, పక్కకి తప్పుకుంది.

బ్రేకు మీంచి కాలు తీశాను. బండి తనంతట తానే కదిలింది. ఇల్లు దాటి, సరుగుడు తోట పక్కనుంచి, మెల్లగా ఒడ్డు వెంబడి. పీచు పట్టా పల్లంలో నా ఎడమ కాలు బుద్ధిగా తొంగుంది.