నీళ్ళ కుండకు నా కాపలా

మా మనవరాలికి నాలుగో ఏట, మంచి ఎండల్లో, ముంజలు తొక్కతో సహా మింగి విరేచనాలు పట్టుకున్నాయి. వైద్యుడుగారు పడవ మీద గోదావరి దాటి వచ్చి, నాడి చూసి, మూడు రోజులు లంఖణం అన్నారు. అన్నం కూడదు, పాలు కూడదు, మంచినీళ్ళు అసలే కూడదు. నీళ్ళు తాగితే నీళ్ళే పోతాయట. ఎంత చదివితే తెలుస్తుంది అలాంటి సంగతి! చెప్పి, తాను మాత్రం చెంబెడు మజ్జిగ తాగి వెళ్ళారు.

నాకు ఆ వైద్యం భలే నచ్చింది. దమ్మిడీ ఖర్చు లేదు, మందు నూరే పని లేదు. పైగా ఆరు నెలలు బడికి వెళ్ళినదాన్ని, శాస్త్రమంటే ఆమాత్రం గౌరవం ఉండదా? నీళ్ళ కుండ నా మంచం పక్కకు జరిపించుకుని కాపలా కూర్చున్నాను. ధాన్యపు గాదెను కూడా అంత శ్రద్ధగా కాయలేదు.

రెండో రోజుకు పిల్ల కళ్ళు గుంటలు పడ్డాయి. నాలుక పిడచకట్టింది. ఏడుస్తోంది గాని కన్నీరు రావడం లేదు. నా ఎదుట నోరు విప్పి ఎరగని కోడలు, పొద్దుటి నుంచి పిల్ల ఒంటేలు పోయలేదని చెప్పింది. పక్కబట్టలు ఉతికే శ్రమ తప్పిందిలే అన్నాను. అంత తెలివి నాది.

మూడో నాడు మధ్యాహ్నం పిల్లను ఎత్తబోతే కింద బొంత తడిసి ఉంది. ఒంటేలే. ఎండిన నూతిలో ఊట ఎక్కణ్ణుంచి వస్తుంది? కుండ చూస్తే నా పక్కనే ఉంది.

“ఏం పట్టావు?” అన్నాను.

కోడలు తల దించుకుంది. “గంజి తేటండి, అత్తయ్యగారూ. ఉప్పేసి.”

“ఎప్పట్నుంచి?”

“నిన్నట్నుంచండి. మీకు కన్ను అంటుకున్నప్పుడల్లా, ఉగ్గుగిన్నెతో.”

చేపల గంప తెచ్చే ఆవిడ తన పిల్లలకు అలాగే పడుతుందని పెరటి గుమ్మంలో చెప్పిందట. రోజూ నేను గేదెల కుడితిలో పోయించే గంజి. వైద్యుడుగారి కన్నా మా గేదెలకే మంచి వైద్యం జరుగుతోందన్నమాట.

“తిడతారని చెప్పలేదండి.”

“తిడతాను. పిల్ల లేచాక తీరిగ్గా తిడతాను. ముందు ఇంకో గిన్నె తే.”

పిల్ల తల నా ఒళ్ళో పెట్టుకున్నాను. కోడలు పోసింది. మొదటి గుటక దిగేదాకా పిల్ల గొంతు మీంచి కన్ను తీయలేదు. రెండో గుటక దిగాక, ఉప్పు తక్కువేసిందని కోడల్ని మందలించాను.